బద్ద చీల్చిన గంటలకు కూలి: గోదావరి ఒడ్డున ఒక పేము బుట్టల బృందం కథ

చుట్ట కుట్టు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చుట్టకుదురు చూపిస్తాను. గడ్డిని మెలిపెట్టి గుండ్రంగా చుట్టి, విడిపోకుండా మరో పోచతో బిగిస్తారు. దాని మీద కుండ కదలకుండా కూర్చుంటుంది. కుర్చీలు అల్లే పేముతో చేసే చుట్ట బుట్ట కూడా ఆ పద్ధతిదే. చుట్టకుదురు ఒకటి రెండు చుట్లతో ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం చుట్టు మీద చుట్టు పేర్చుకుంటూ, ప్రతి చుట్టునూ కింది చుట్టుకు పేము చీల్చి తీసిన సన్నటి బద్దతో కుడుతూ, అడుగు పూర్తయ్యాక గోడ లేపుతారు. వెదురు గంపలో నిలువు బద్దలు, అడ్డబద్దలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చుట్ట బుట్టలో అల్లిక ఉండదు, కుట్టే ఉంటుంది. అందుకే దానికి పట్టే సమయం కూడా వేరు. ఆ సమయాన్ని మేం లెక్కపెట్టలేకపోవడం వల్ల ఏం జరిగిందో, తర్వాత ఎలా సరిదిద్దుకున్నామో రాయడానికే ఇది.

నేను చేతివృత్తుల కుటుంబాలతో పనిచేసే ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ వర్కర్‌ని. ఈ బృందంతో 2021 అక్టోబరు నుంచి ఉన్నాను. ఊరు రాజమహేంద్రవరానికి దగ్గరలో, కడియం మొక్కల నర్సరీలకు సైకిల్ మీద పోయేంత దూరంలో ఉంటుంది. ఊరి చివర మేదరి వీధి. ఒకప్పుడు ఈ వీధిలో చేటలు, జల్లెడలు, కోళ్లగంపలు, మామిడికాయల గంపలు, తడికలు చేసేవాళ్లు. ఏజెన్సీ నుంచి వెదురు గోదావరి మీద తెప్పలుగా దిగేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మామిడికాయలు ప్లాస్టిక్ ట్రేలకు మారాయి. చేపలు థర్మోకోల్ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. పెళ్లికూతుర్ని మేనమామలు మోసుకొచ్చే గంప మాత్రం ఇంకా వెదురుదే. కానీ పెళ్లికి ఒక్క గంపతో ఒక వీధి బతకదు కదా.

ఆ వీధిలో పేము పని తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. అందరూ ఆయన్ని బాబాయి అంటారు, నేనూ బాబాయిగారూ అనే పిలుస్తాను. వయసులో ఉన్నప్పుడు రాజమండ్రిలో ఆఫీసుల చుట్టూ తిరిగి, కుంగిపోయిన పేము కుర్చీలకు జాలీ అల్లేవారు. మిగిలిన ముక్కలతో ఇంటికొచ్చి పూలసజ్జలు చేసేవారు. గుళ్లో అయ్యగారి చేతిలో కనిపించే పిడి ఉన్న పూలసజ్జ అందరికీ తెలుసు. వెదురుతోనూ చేస్తారు, పేముతోనూ చేస్తారు. బాబాయిగారి సజ్జ అడుగు నుంచి అంచు దాకా చుట్ట కుట్టు. నీళ్లతో తడిసిన పూలు రోజూ వేసినా పదేళ్లు చెదరలేదని వాళ్ల ఊరి గుళ్లో ఉన్న ఒక సజ్జను నాకు చూపించారు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడే ఈ పనిని పదిమందికి నేర్పించాలనిపించింది. తొమ్మిదిమంది ఆడవాళ్లు ముందుకొచ్చారు. వెదురు బద్ద చిన్నప్పటి నుంచీ తెలిసిన చేతులు కాబట్టి మూడు నెలల్లో కుట్టు కుదిరింది.

మొదటి ఆర్డరు

పెళ్లి సామాన్లు అమ్మే ఒక దుకాణం 120 సారె బుట్టలు అడిగింది. అడుగు 25 సెంటీమీటర్ల వెడల్పు, గోడ 10 సెంటీమీటర్ల ఎత్తు, ఒక్కోటి 300 రూపాయలు, మాఘమాసం ముహూర్తాలకు ముందు ఇవ్వాలి. ధర చెప్పింది నేనే. ఒక బుట్ట కుట్టడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే "పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుందండి" అన్నారు. ఎనిమిది గంటలని రాసుకున్నాను. పేము ఖర్చు, రవాణా తీసేస్తే 170 మిగులుతుంది, గంటకు 21 రూపాయలు, మొదటి ఆర్డరు కాబట్టి ఫర్వాలేదు అనుకున్నాను.

బుట్టలు సమయానికి అందాయి. దుకాణం డబ్బు కూడా ఆలస్యం చెయ్యకుండా ఇచ్చింది. ఖర్చులు పోను ఇంటికి 2,266 రూపాయల చొప్పున పంచాం. ముప్పై అయిదు రోజుల పనికి అది. డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంటూ ఒకామె "నర్సరీకి పోతే పది రోజుల్లో వచ్చేవండి" అంది. కోపంగా అనలేదు. ఉన్న లెక్క చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బుట్టలు బాగున్నాయి, కొన్నవాళ్లు మెచ్చుకున్నారు, అయినా ఈ తొమ్మిది ఇళ్లూ నష్టపోయాయి. అందుకు కారణం నేను రాసుకున్న ఆ ఎనిమిది గంటలు.

వాచీ పట్టుకుని కూర్చున్న మూడు రోజులు

ఫిబ్రవరి చివర మూడు రోజులు ఆ వీధి అరుగుల మీదే కూర్చున్నాను. ఒక నోటుపుస్తకం, ఒక వాచీ, ఒక టేపు. ఎవరినీ త్వరపెట్టలేదు, పని ఎలా జరుగుతుందో అలాగే రాసుకున్నాను.

ముందు బుట్టలోకి ఎంత పేము పోతుందో కొలిచాం. అది చుట్ట కాబట్టి లెక్క తేలిక. ఐదు మిల్లీమీటర్ల మందం చుట్టు పేముతో 25 సెంటీమీటర్ల అడుగు నిండాలంటే దాదాపు 10 మీటర్లు చుట్టాలి. ఆ పైన 10 సెంటీమీటర్ల గోడకు ఇరవై చుట్లు, ఒక్కో చుట్టు 78 సెంటీమీటర్లు, అంటే మరో పదిహేనున్నర మీటర్లు. మొత్తం పాతికన్నర మీటర్ల పేము. సెంటీమీటరుకు ఒక కుట్టు చొప్పున రెండున్నర వేల కుట్లు పైనే. ప్రతి కుట్టుకూ ఆరెతో, అంటే మొనదేలిన పనిముట్టుతో, కింది చుట్టు పక్కన సందు చెయ్యాలి, బద్ద దూర్చాలి, లాగాలి, బొటనవేలితో నొక్కి బిగువు చూడాలి. చెయ్యి తిరిగిన మనిషికి కుట్టుకు పన్నెండు సెకన్లు పట్టింది. అంటే ఎనిమిదిన్నర గంటలు. వాళ్లు చెప్పిన ‘పొద్దున్నుంచి సాయంత్రం దాకా’ అక్షరాలా నిజం.

నేను అడగని ప్రశ్న వేరే ఉంది. ఆ రెండున్నర వేల కుట్లకు బద్ద ఎక్కడిది?

ఒక్కో కుట్టుకు మూడున్నర సెంటీమీటర్ల బద్ద ఖర్చవుతుంది. బుట్ట మొత్తానికి దాదాపు 90 మీటర్లు. నాలుగు మీటర్ల పేము బెత్తాన్ని నిలువునా నాలుగుగా చీలిస్తే, విరిగినవీ పనికిరానివీ పోను 14 మీటర్ల మంచి బద్ద దక్కుతుంది. అంటే బుట్టకు ఏడు బెత్తాలు చీల్చాలి. చీల్చడం అన్నంత మాత్రాన సరిపోదు. ముందు కణుపుల దగ్గర గీకి చదును చెయ్యాలి. నీళ్లలో నానబెట్టాలి. కొసను కత్తితో నాలుగుగా తెరిచి, కొయ్యతో చేసిన శిలువలాంటి పనిముట్టు దూర్చి, చేత్తో లాగుతూ పోవాలి. వెదురులా పేము బోలుగా ఉండదు, లోపలంతా నార గుజ్జు. ఆ గుజ్జును కత్తి అంచుతో తీసేసి మెరిసే పైతొక్కను మాత్రం ఉంచాలి. మందం ఎక్కడా మారకూడదు, వెడల్పు ఎక్కడా మారకూడదు. పల్చగా ఉన్న చోట బద్ద తెగుతుంది, మందంగా ఉన్న చోట ఆరె సందులో ఇరుక్కుంటుంది. బాబాయిగారు బద్దను కింది పెదవి మీదుగా లాగి చూస్తారు. గరుకు తగిలితే మళ్లీ గీస్తారు. చూపుడువేలికి అందరూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంటారు. అది లేకుండా చేసినవాళ్ల వేళ్ల మీద గీతలు నాకు చూపించారు.

ఈ పనంతా కలిపి బుట్టకు నాలుగున్నర గంటలు. చేసేది ఎవరు? ఎక్కువగా అత్తలు. మధ్యాహ్నం కోడలు వంట చేస్తున్నప్పుడో, రాత్రి టీవీ ముందో, ఇంట్లో ముసలామె కూర్చుని చీలుస్తుంది. ఆమె పేరు మా బృందం రిజిస్టర్లో లేదు. "అది పనేముందండీ, కూర్చుని చేసేదే కదా" అని ఆవిడే అంది. నేను అడిగినప్పుడు కోడలు కూడా ఆ గంటలు చెప్పలేదు. దాచిపెట్టి కాదు, అది బుట్ట పని అని ఆమెకు తోచలేదు. చేటలు చేసిన రోజుల నుంచీ ఆ వీధిలో ధర అల్లికకే ఉంది. వెదురు చీల్చడం ఇంటిపనుల్లో కలిసిపోయింది.

ఎనిమిదిన్నర, నాలుగున్నర కలిపితే పదమూడు గంటలు. 170 రూపాయల్ని పదమూడుతో భాగిస్తే గంటకు 13 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 245.

కట్ట రేటు

మేం చేసిన మొదటి మార్పు బద్దకు విడిగా ధర కట్టడం. 50 మీటర్ల బద్ద ఒక కట్ట. ఒకే వెడల్పు, ఒకే మందం ఉన్న కట్టకు 70 రూపాయలు. ఎవరు చీలిస్తే వాళ్ల చేతికే, వాళ్ల పేరు మీదే. కుట్టేవాళ్లు కట్ట కొనుక్కుని కుడతారు.

కొలత కోసం బాబాయిగారితో మాట్లాడి ఒక చిన్న పనిముట్టు చేయించాం. కొయ్య ముక్కలో రెండు బ్లేళ్లు నిలువుగా, మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో బిగించాం. బద్దను వాటి మధ్య లాగితే రెండు అంచులూ ఒకేసారి చదునవుతాయి. కుర్చీలు అల్లేవాళ్ల దగ్గర ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి, మేం కొత్తగా కనిపెట్టింది కాదు. దానికి తోడు రకరకాల చిల్లులు కొట్టిన రేకు ముక్క, మందం చూసుకోవడానికి. గంటకు 20 మీటర్లు తీసేవాళ్లు నెల తిరిగేసరికి 29 మీటర్ల దాకా వచ్చారు.

దీంతో ఇళ్లలో కొంత ఇబ్బంది వచ్చిన మాట నిజం. నిన్నటిదాకా ఊరికే వచ్చిన బద్దకు ఇవాళ అత్తకు డబ్బివ్వాలంటే ఒక కోడలికి కష్టంగా అనిపించింది. "ఇంట్లో మనిషికి కూలేంటండీ" అని నా మీద కోపం తెచ్చుకుంది. అత్త మాట్లాడలేదు, రెండు రోజులు బద్ద చీల్చలేదు. నేనూ మధ్యలో పడలేదు. మూడో రోజు కోడలే స్వయంగా చీల్చుకుని చూసింది. నాలుగో రోజు అత్త ముందు 70 రూపాయలు పెట్టింది. ఇప్పుడు ముగ్గురు పెద్దవాళ్లకు నెలనెలా సొంత డబ్బు వస్తోంది. ఒకావిడ ఆ డబ్బుతో కళ్లజోడు కొనుక్కుంది. బద్ద మరింత సన్నగా తీస్తోంది.

లావు పేము

రెండో మార్పుకు బాబాయిగారు మొదట ఒప్పుకోలేదు. చుట్టు పేమును ఐదు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిదికి పెంచుదామన్నాను. అదే కొలత బుట్టకు 25 మీటర్ల బదులు 16 మీటర్లు చాలు. కుట్లు కొంచెం ఎడంగా వేస్తే 1,330 దగ్గర ఆగుతాయి, అంటే సగం. బద్ద 66 మీటర్లు సరిపోతుంది.

ఆయన అభ్యంతరం సరైనదే. చుట్ట బుట్టకు ప్రాణం బొడ్డు, అంటే అడుగున మధ్యలో మొదలుపెట్టే మొదటి మెలిక. లావు పేమును అంత చిన్న మెలికలో వంచితే పగులుతుంది, లేదా మధ్యలో కన్నం మిగులుతుంది. బొడ్డు బిగువుగా లేని బుట్ట అడుగు రెండు నెలల్లో వదులవుతుంది. రెండు వారాలు తిప్పలు పడ్డాం. చివరికి పేము మొదటి జానెడు భాగాన్ని పలకలా సగం మందానికి చెక్కి, రాత్రంతా నానబెట్టి వంచడం మొదలుపెట్టాం. మొదటి మూడు చుట్లలో కుట్లు దగ్గరదగ్గరగా వేసి, ఆ తర్వాతే ఎడం పెంచాం. అలా చేసిన బుట్టను బాబాయిగారు నేలకేసి రెండుసార్లు గట్టిగా కొట్టి, అడుగు వెలుతురుకు పట్టి చూసి, "ఆయ్, ఇది నిలుస్తాదండి" అన్నారు. ఆ మాట కోసమే ఆగాం.

లావు పేముతో చేసిన బుట్ట చూపుకు వేరే వస్తువులా ఉంటుంది. సన్నపేము బుట్టలోని నాజూకు దీనికి లేదు. అందుకని పూలసజ్జకు మాత్రం ఇప్పటికీ ఐదు మిల్లీమీటర్లే వాడుతున్నాం. గంటలు ఎక్కువ పడతాయని ధరలో చెబుతున్నాం, కొనేవాళ్లు కొంటున్నారు. సారె బుట్టలు, పళ్ల బుట్టలు ఎనిమిదికి మార్చాం.

2022 మార్చి నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల బుట్ట 400కు ఇస్తున్నాం. పేముకు 104, రవాణా తదితరాలకు 18 పోతే 278 మిగులుతుంది. అందులో బద్దకు 92, కుట్టుకు 186. మొత్తం పని ఏడు గంటలు, గంటకు దాదాపు 40 రూపాయలు. ఆరు గంటలు కూర్చుంటే 240. ఆ ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరంలో ఉపాధి కూలి 257కు పెరిగింది. మేం దాని దగ్గరిదాకా వచ్చాం, దాటలేదు. ఎండలో మట్టి మోయకుండా ఇంటిపట్టున చేసే పని కాబట్టి కొంత తక్కువైనా చేస్తామని కొందరంటారు. ఆ మాటను నేను ధర తగ్గించడానికి ఎప్పుడూ వాడుకోలేదు, వాడుకోకూడదు కూడా.

బూజు, వాసన

ఆ ఏడాది శ్రావణమాసానికి పేరంటాల్లో ఇవ్వడానికి 60 చిన్న బుట్టలు అడిగారు. జులై వానల్లో కుట్టాం. ఒక్క రోజు నీడన ఆరబెట్టి, అందంగా ఉంటాయని ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపాను. పది రోజులకు 23 తిరిగొచ్చాయి. లోపలంతా నల్లటి చుక్కలు, పట్టుకుంటే వేళ్లకు బూజు. కవర్లో పెట్టమన్నది నేనే.

కారణం తర్వాత అర్థమైంది. బద్ద నానితేనే కుట్టుకు లొంగుతుంది, అంటే ప్రతి కుట్టుతో పాటు బుట్టలోకి నీళ్లు వెళ్తున్నాయి. అది చుట్టుకూ చుట్టుకూ మధ్య సందుల్లో ఉండిపోతుంది. పైకి చేత్తో తాకితే పొడిగానే ఉంటుంది. ఇప్పుడు మేం చేత్తో తాకి చూడటం మానేశాం. పచారీ కొట్టు తూకం ఒకటి కొన్నాం. బుట్టను పొద్దున, సాయంత్రం తూస్తాం. బరువు తగ్గుతున్నంత కాలం లోపల తడి ఉన్నట్టే. రెండు పూటలు వరసగా అదే బరువు చూపిస్తే అప్పుడు న్యూస్‌పేపర్లో చుట్టి పంపుతాం. ఎండాకాలం ఒక రోజు చాలు, వానల్లో నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే జులై, ఆగస్టుల్లో పెద్ద ఆర్డర్లు ఒప్పుకోవడం మానుకున్నాం. ఆ రెండు నెలలూ బద్ద చీల్చి కట్టలు నిల్వ చేసుకుంటారు.

ఇంకో ఫిర్యాదు చపాతీల బుట్టల మీద వచ్చింది. మూత తీస్తే కిరసనాయిలు వాసన. పేము వ్యాపారంలో ఉన్నవాళ్లకు దీని కారణం తెలుసు. లావు పేమును కోసిన కొద్దిరోజుల్లో డీజిల్, కిరసనాయిలు కలిపి ఉడికిస్తారు. లోపలి తేమ, మైనం పోయి పురుగు, మచ్చ పట్టకుండా ఉండటానికి అది పాత పద్ధతి. సన్నపేముకు గంధకం పొగ వేస్తారు. కుర్చీకైతే ఏ ఇబ్బందీ లేదు. వేడి చపాతీ పెట్టే బుట్టకు అది పనికిరాదు. మా సన్నపేమును వ్యాపారి గోదాములో లావు పేము పక్కనే పడేసేవాడు, వాసన దానికీ పట్టింది. కొనేముందు ఒక ముక్క వేడినీళ్లలో ముంచి వాసన చూడటం అలవాటు చేసుకున్నాం. అయినా తిండి పెట్టే బుట్టలు ఇక చెయ్యమని బృందం తీర్మానించింది. అది మంచి నిర్ణయమని నాకనిపిస్తుంది. అమ్మకం పోయినా, మనం ఇంట్లో వాడని వస్తువును ఇంకొకరి ఇంటికి పంపకూడదు.

పేము ఎక్కడి నుంచి

పేము తాటి కుటుంబానికి చెందిన ముళ్ల తీగ. చెట్లను పట్టుకుని అడవిలో పైకి పాకుతుంది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాలు, పడమటి కనుమలు, అండమాన్ నికోబార్ దీవుల్లో ఎక్కువ, తూర్పు కనుమల్లో అక్కడక్కడా ఉంది. మాకొచ్చేది ఎక్కువగా అస్సాం సరుకు. కుర్చీలకు వాడే బాగా లావు రకం విదేశాల నుంచి కూడా వస్తుంది. ప్రపంచానికి పేము ఎక్కువగా ఇచ్చే ఇండోనేషియా 2012 నుంచి ముడిపేము ఎగుమతిని ఆపేసింది.

దగ్గరి అడవి నుంచే తెచ్చుకుంటే చౌక కదా అని ఒకసారి ప్రయత్నించాం. ఏజెన్సీలో ఒక గిరిజన కుటుంబం నుంచి రెండు మోపులు కొని ఆటోలో తెస్తుంటే దారిలో ఆపారు. కాగితాలు లేవని సరుకు ఉంచేసుకున్నారు. "వెదురుకు ఇప్పుడు పర్మిట్ అక్కర్లేదన్నారు కదండీ" అని మావాళ్లు వాదించారు. అది సగం నిజం. 1927 నాటి భారత అటవీ చట్టంలో ‘చెట్టు’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో తాటి జాతులు, వెదురు, మోడులు, పొదలు, పేము అన్నీ ఉన్నాయి. 2017లో దాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును స్వేచ్ఛగా కొట్టి అమ్ముకునే వీలు కోసం ‘వెదురు’ అనే మాట తొలగించారు. తీసేసింది ఆ ఒక్క మాటే. పేము ఇప్పటికీ ఆ చట్టం దృష్టిలో చెట్టే. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం పేమును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పేరు పెట్టి చేర్చింది. అడవిలో ఉండే గిరిజనులకు దాన్ని సేకరించుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. సేకరించిన వాళ్లకు హక్కుంది, కానీ మేం కొన్న సరుకు ఎవరి హక్కు కింద సేకరించిందో చూపే కాగితం మా చేతిలో లేదు. చేతివృత్తుల వాళ్లతో పనిచేసేవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకోవాలి. వెదురు సవరణ గురించి చదివి పేముకు కూడా వర్తిస్తుందని నేను అనుకోవడం పొరపాటు. ఆ రెండు మోపుల డబ్బు నా జీతం నుంచి ఇచ్చాను.

ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లారు

తొమ్మిదిమందిలో ఇప్పుడు కుడుతున్నది ఐదుగురు. ఇద్దరు నర్సరీ పనికి వెళ్లారు. అక్కడ రోజు కూలి ఎక్కువ, డబ్బు వారానికే అందుతుంది. వాళ్లు వెళ్లినందుకు నాకు బాధ లేదు, వాళ్ల లెక్క సరైనదే. ఒకామె కూతురి కాన్పుకని వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఒకామెకు కళ్లు సహకరించక కుట్టు మానేసి, బద్ద కట్టలు చేస్తోంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లూ ఉన్నారు. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల అప్పు. మంచి పథకం, మావాళ్లకు పనికొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే కుటుంబానికి ఒక్కరికే నమోదు. రెండు ఇళ్లలో భర్త పేరే రాసేశారు. ఆయన వెదురు పని మానేసి చాలా ఏళ్లయింది, బుట్ట కుట్టేది భార్య. శిక్షణకు ఆయన వెళ్లొచ్చాడు. మిగిలిన ఇళ్లలో దరఖాస్తు పెట్టే ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఆరె ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల పేరే రాయించాం. ఇలాంటి పథకం మీ దగ్గరికొస్తే ఫారం నింపే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, ఎవరు కుడుతున్నారో చూడండి.

బీహార్‌లో సిక్కి గడ్డితో చుట్ట కుట్టే ఆడవాళ్ల పనిని చూడటానికి మా బృందంలో ఇద్దర్ని తీసుకెళ్లాలని నాకు చాలా రోజులుగా ఉంది. లోపల ముంజ గడ్డి, పైన బంగారంలా మెరిసే సిక్కి, చేతిలో తకువా అనే సూది. ఇక్కడి ఆరె, పేము లాగానే. వాళ్లు గడ్డి చీల్చే సమయాన్ని ఎలా లెక్కిస్తారో మావాళ్లు స్వయంగా అడగాలని ఉంది.

బాబాయిగారు ఇప్పుడు ఎక్కువసేపు కూర్చోలేరు. ఒక కట్ట పూర్తయితే ఆయన దగ్గరికి తీసుకెళ్తారు, ఒక బద్ద లాగి పెదవి మీద పెట్టి చూసి ఇస్తారు. సన్నపేము బెత్తం 8 నుంచి 11 రూపాయలైంది. ఎనిమిది మిల్లీమీటర్లది 16 నుంచి 21. పాత ధరకే అమ్మితే గంటకు వచ్చే 40 రూపాయలు 35కు పడిపోతాయి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం బృందం కూర్చుంటుంది. కట్ట రేటు ఎంత పెంచాలో బద్ద చీల్చే ముగ్గురు పెద్దవాళ్లే ముందు చెప్పాలని, ఆ తర్వాతే బుట్ట ధర మాట్లాడాలని అనుకున్నాం.